నేను చెప్పిన సొరంగం

2019 చలికాలం. సిరొంచ నుంచి అహేరి వెళ్లే దారిలో, అడవి అంచున ఒక ఊళ్లో పాత జమీందారీ గడి ఉంది. హైదరాబాద్, నాగపూర్‌ల నుంచి కోటలూ గడీలూ చూడటానికి వచ్చేవాళ్లను జీపులో తిప్పడం నా పని. డ్రైవర్‌నీ నేనే, గైడ్‌నీ నేనే. మా పనిలో ‘స్టాప్’ అంటే గుంపును నిలబెట్టి కథ చెప్పే చోటు.

ఆ గడిలో నా స్టాప్ ఉత్తరం గోడ. అందులో ఇటుకలతో మూసేసిన దర్వాజా ఉంది. దాని వెనక మెట్లు దిగితే ఊరి పక్క నది కింది నుంచి అవతలి ఒడ్డు దాకా సొరంగం ఉందని చెప్పేవాణ్ని. నాకెవరూ చెప్పలేదు, నేనే అల్లాను. గోడకు అవతల, దాన్నే ఆనుకుని పోసక్క అనే ఆమె ఇల్లు ఉందని తెలుసు. సొరంగం నేల కింద కదా అని సర్దుకునేవాణ్ని. ఒకాయన నా మాటలు వీడియో తీసి యూట్యూబ్‌లో పెడితే పొంగిపోయాను కూడా.

ఒకరోజు పొద్దున పోసక్క ఫోన్ చేసింది. “రహీం భాయ్, జర జల్ది రా! ఎవరో ఇద్దరు గోడ తవ్వుతున్నరు. నా బిడ్డ బాలింత, లోపట పండుకున్నది.”

వెళ్లేసరికి గడ్డపారలతో సగం ఇటుకలు ఊడదీశారు. పగులు ఇంటికప్పు దాకా పాకింది.

“ఆపుండ్రి! సొరంగం లేదు, గిరంగం లేదు. నేను అబద్ధం చెప్పిన” అని అరిచాను.

ఒకడు నవ్వాడు. “వీడియోల చూసినం భాయ్. సొరంగంల దాచిన సొమ్మంత నువ్వొక్కనివే తీసుకుందామని చూస్తున్నవ్ గద?”

ఊరంతా చూస్తోంది. సిగ్గుతో చచ్చిపోయాను.

పోసక్క వాదించలేదు. “రాండ్రి, లోపటికొచ్చి చూడుండ్రి” అని వాళ్లను ఇంట్లోకి తీసుకుపోయింది. గోడ పక్కనే మంచం. నాలుగు రోజుల పసిగుడ్డును కొంగు కింద దాచుకుని కూతురు కూర్చుంది. దుప్పటి మీదంతా ఇటుక పొడి.

“గిదే మీ సొరంగం” అంది పోసక్క.

ఇద్దరూ తల దించుకుని వెళ్లిపోయారు. తల్లీబిడ్డలను పక్కింటికి మార్చాం. వానలు మొదలవగానే ఆ గోడ కూలింది, గది పోయింది. అప్పుడు లోపల ఎవరూ లేరు.

రాళ్లు ఎత్తడానికి వెళ్లినప్పుడు, “తప్పయింది అక్కా” అన్నాను.

“ఆ దర్వాజ మా అత్త మూయించింది భాయ్, చలిగాలి కొడ్తున్నదని. గంతే. నన్నడిగితే నేనే చెప్తుంటి గద!”

ఆరేళ్లు అక్కడ నిలబడి కథ చెప్పాను. ఆమెను ఒక్కసారీ అడగలేదు.

ఇప్పుడు ఏ గడికి వెళ్లినా ముందు అక్కడ ఉంటున్నవాళ్లను అడుగుతాను. వాళ్లకూ తెలియకపోతే నాకు తెలియదనే చెబుతాను. వచ్చినవాళ్ల మొహాలు చిన్నబోతాయి. చిన్నబోనీ.