అవ్వ మెట్టు

ఈ వయసులో కామారెడ్డిలో కీబోర్డు నేర్చుకుంటున్నాను. నిన్న మొదటి కార్డ్ చెప్పారు. స, గ, ప, మూడు మెట్లూ ఒక్కసారే నొక్కాలి. నేను రెండే నొక్కాను.

"నడిమిది ఎందుకు ఇడిశిపెడుతున్నరు సార్?" అంది నేర్పే అమ్మాయి.

ఆ అమ్మాయికేం తెలుసు! నా ఈడు మా లింగంపేట వాళ్లయితే ఇట్టే పోల్చుకుంటారు, తంబాకు ఘాటు నిండిన ఆ అర్రలను. మా అర్రలో బీడీలు చుట్టే చాట పక్కనే నాన్న, మా బాపు, భజనలకు వాయించే హార్మోనియం ఉండేది. దాని గాంధారం, అంటే గ మెట్టు, ఎప్పుడో మూగబోయింది. ఎల్లారెడ్డిలో బాగుచేసేవాళ్లు దొరకలేదు. పాట అక్కడికి రాగానే బాపు వేలు ఎత్తేవాడు. మా అమ్మ, మేం అవ్వ అని పిలిచేవాళ్లం, బీడీలకు తునికాకు కత్తిరిస్తూనే ఆ ఒక్క స్వరాన్ని గొంతుతో అందుకునేది. తలైనా ఎత్తేది కాదు.

నేను వాయించబోయి ఆ మెట్టు మీద వేలు పెడితే బాపు నా చెయ్యి పట్టుకునేవాడు.

"గది అవ్వది బిడ్డా. నువ్వు ఇడిశిపెట్టు, ఆమె అందుకుంటది."

నిన్న కూడా అలాగే వదిలేశాను. వదిలేసి, నాకు తెలియకుండానే కాసేపు ఆగాను. ఎవరూ అందుకోలేదు. అవ్వ పోయి చాలా ఏళ్లయింది. ఆమె వెనకే బాపు కూడా పోయాడు.

"ఒత్తుర్రి సార్, ఏం గాదు" అంది అమ్మాయి.

నొక్కాను. గదంతా నిండుగా మోగింది. ఆమె తరువాతి కార్డ్ చెబుతూ ఉంది. నాకు మాత్రం ఆ మెట్టు మీంచి వేలు ఎత్తబుద్ధి కాలేదు.