హరినాథ్‌కు తొంభై ఆరు

బిట్రగుంటలో పొద్దున రైలెక్కేవాళ్లలో చెంచులక్ష్మిని ఎరగని మనిషి లేడు. గ్యాసు బుక్ చెయ్యాలన్నా, రేషను కార్డులో పేరు సరిచెయ్యాలన్నా, పిల్లల హాల్‌టికెట్టు దించుకోవాలన్నా అందరూ ఫోను తీసుకెళ్లి ఆమె చేతిలో పెడతారు. ఆమె కాదనదు. కాదనడం నేర్పే క్లాసు ఎక్కడైనా ఉంటే నేనే ఫీజు కట్టి చేర్పించేదాన్ని.

నేను నెల్లూరులో ఒక బళ్లో టీచర్ని. ఆమె కొడవలూరు దగ్గర రైసు మిల్లులో లెక్కలు చూస్తుంది. భర్త హజరత్తయ్య రైలు పట్టాల మీద పనిచేస్తాడు. రైల్వే కాలనీలో మా క్వార్టరు వెనకే వాళ్ల క్వార్టరు. ఇద్దరం కలిసే బండెక్కుతాం. ఆమె కొడవలూరులో దిగిపోతుంది, నేను అదే బండిలో నెల్లూరు పోతాను. ఈ మధ్య దిగేటప్పుడు వెళ్లొస్తానని కూడా నాతో చెప్పడం లేదు. నెల్లూరు పోయే వాళ్లను చూస్తే ఆమెకు కడుపు మండుతుంది. ఆ మాట నాతోనే అంది, నేను తప్పు పట్టలేదు.

మిల్లు ఆఫీసంటే పెద్దగా ఊహించుకోకండి. మిల్లుకే ఒక పక్కన అద్దాలు బిగించిన గది అది. కంప్యూటర్లు పాడవుతాయని ఏసీ పెట్టి, కిటికీలు తెరవకుండా మేకులు కొట్టేశారు. తలుపు తీసినప్పుడల్లా తవుడు దుమ్ము లోపలికి వస్తుంది. వచ్చిన దుమ్ము పోయే దారి లేదు. మొదట్లో జలుబు అనుకుంది, తరవాత చలికాలం అనుకుంది, చివరికి మెట్లెక్కలేక నిలబడిపోయిన రోజున నెల్లూరు తీసుకెళ్లి ఛాతీ డాక్టరుకు చూపించాం. మందులు రాస్తాను గానీ ఆ దుమ్ములోంచి బయటపడితేనే అవి పనిచేస్తాయి, ఇంకొన్నేళ్లు అక్కడే కూర్చుంటే తరవాత నేను కూడా ఏమీ చెయ్యలేను అని ఆయన మొహమాటం లేకుండా చెప్పాడు. ఈ సంగతి మేనేజరు ద్వారా ఓనరు దాకా పోయింది. ఓనరు మంచివాడే. మాస్కుల పెట్టె పంపించాడు.

మానెయ్యమంటే ఆమె వినలేదు. ఇద్దరు పిల్లలు కాలేజీలో ఉన్నారు, ఒక్క జీతంతో జరగదు. పైగా నలభై దాటిన మనిషికి బయట ఎవరు ఉద్యోగం ఇస్తారు? ఆమెకు వచ్చిందంతా ఆ మిల్లులో, ఆ మిల్లు కోసం నేర్చుకున్నదే. ఉన్న దారి ఒక్కటే. అదే ఓనరుకు నెల్లూరులో హెడ్డాఫీసు ఉంది. రెండో అంతస్తు, టైల్సు వేసిన గదులు, బియ్యం గింజ కూడా కనపడదు. అక్కడ ఒక కుర్చీ దొరికితే చాలని ఆమె ఆశ.

అట్లాంటి కుర్చీ ఒకటి కొత్తగా పడుతుందని మొదట ఎవరికీ తెలియదు. నిరుడు ఓనరు తన మూడు మిల్లుల లెక్కలూ ఇంటర్నెట్‌లో ఒకే చోట కనపడే కొత్త సాఫ్ట్‌వేర్ కొన్నాడు. అమ్మినవాళ్లు ఒక షరతు పెట్టారు. దాన్ని వాడే ప్రతి ఒక్కరూ ఆన్‌లైన్‌లో పాఠాలు విని, పరీక్ష రాసి, సర్టిఫికెట్ తెచ్చుకోవాలి. అది లేకపోతే లాగిన్ తెరుచుకోదు. పరీక్ష ఒకసారి రాస్తే అంతే, మార్కులు ఎన్నొస్తే అన్ని.

చదువుకున్న చోట దీన్ని శిక్షణ అంటారు. కొడవలూరు మిల్లులో దీన్ని నింపాల్సిన ఇంకో ఫారం అనుకున్నారు. ఫారాలు నింపేది ఎవరు? చెంచులక్ష్మి. కాటా దగ్గర లారీలు తూచే మునెయ్య వచ్చి ఫోను ఇచ్చాడు. మేనేజరు బడేసాహెబ్ కూడా కళ్లజోడు తుడుచుకుంటూ వచ్చి, ముందు నీది రాసి చూడమ్మా, ఎట్లుంటుందో తెలుస్తుంది, తరవాత మాది చూద్దువు అన్నాడు. ఊళ్లు తిరిగి వడ్లు కొనే హరినాథ్ అయితే మిల్లులో నిలిచే మనిషే కాదు, బైకు మీద నుంచే ఫోను చేసి నాది కూడా చేసెయ్యక్కా అన్నాడు. ఓటీపీ చదివి చెప్పడమే వాళ్లందరూ చేసిన చదువు.

ఆమె ముందు తనది రాసింది. అందులో కొన్న సరుకును తెర మీద ఎక్కించే లెక్క ఒకటి ఉంది. మా జిల్లాలో వడ్ల బేరం పుట్లలో సాగుతుంది. పుట్టంటే ఎనిమిది వందల యాభై కిలోలు. రైతూ పుట్లలోనే అడుగుతాడు, మిల్లూ పుట్లలోనే చెప్తుంది. ఆ పాఠాలు తయారు చేసిన వాళ్లకు పుట్టంటే ఏమిటో తెలియదు, వాళ్లది క్వింటాళ్ల లెక్క. అలవాటు కొద్దీ ఈమె పుట్ల అంకెను క్వింటాళ్ల గడిలో కొట్టేసింది. దాని మీద కట్టిన లెక్కలన్నీ తప్పాయి. డెబ్బై ఒకటి వచ్చింది. పాసైతే చాలనుకుని పట్టించుకోలేదు.

తరవాత మునెయ్యది రాసింది, మిగతా వాళ్లవి రాసింది, బడేసాహెబ్‌ది రాసింది. రాసిన కొద్దీ చెయ్యి తిరిగింది. హరినాథ్ ఎప్పటికో గాని దొరకలేదు కాబట్టి అతనిది అందరికంటే చివర రాసింది. అప్పటికి ఆ పాఠాలు ఆమెకు కంఠతా వచ్చేశాయి. తొంభై ఆరు వచ్చింది. ఆ సాయంత్రం బండిలో ఆ సంగతి ఎంత సంబరంగా చెప్పిందో. నాకు లెక్కలు ఇంత బాగా వచ్చని నాకే తెలీదక్కా అని నవ్వింది. నేను తిట్టాను. ఊరందరి పరీక్షలూ నువ్వు రాస్తే వాళ్లెప్పుడు నేర్చుకుంటారు అన్నాను. పోన్లే అక్కా, వాళ్లకు మాత్రం ఎవరున్నారు అంది.

నెల తిరక్కుండా హెడ్డాఫీసు నుంచి కబురు వచ్చింది. మూడు మిల్లుల లెక్కలూ తెర మీద సరిచూడడానికి నెల్లూరులో ఒక మనిషి కావాలి. అందరూ ఒకే పరీక్ష రాశారు కాబట్టి గొడవే లేదు, ఎక్కువ మార్కులు ఎవరివైతే వాళ్లకే.

చెంచులక్ష్మి తనతో తాను పోటీ పడి ఓడిపోయింది. ఇంతకంటే మర్యాదగా నాకు చెప్పడం రాదు. హరినాథ్ చెడ్డవాడు కాదు. తల వంచుకునే వచ్చి ఆమె ముందు నిలబడ్డాడు. ఆమె ఏమీ అడగకముందే అన్నాడు.

“నేను అన్ని మార్కులు తెమ్మని అడగలా అక్కా. నువ్వే గదా అంత బాగా రాసినావు.”

అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. అదే ఆమెను ఎక్కువ బాధపెట్టింది. పోనని చెప్పమని అతణ్ని అడగలేకపోయింది. అతని భార్య అప్పటికే నెల్లూరులో ఇల్లు చూసుకుంది.

రెండు రోజులు ఆలోచించి, నా పోరు పడలేక, బడేసాహెబ్ దగ్గరికి వెళ్లింది. ఆ పరీక్షలన్నీ రాసింది నేనే, నా ఊపిరి సంగతి మీకు తెలుసు, ఓనరు గారికి నిజం చెప్పండి అని అడిగింది. ఆయన లేచి తలుపు వేసి వచ్చాడు.

“నాది గూడా నువ్వే రాసినావు గదమ్మా. నేను ఏ మొహం పెట్టుకోని చెప్పేది? చెప్తే ముందు నన్ను ఇంటికి పంపిస్తాడు, ఆనక నిన్ను. నేను రిటైరయ్యేందుకు ఇంకెంతో లేదు. అందాకా చెప్పబాకమ్మా.”

ఆయన కళ్లలో నీళ్లు చూసి ఈమే ఆయన్ని ఓదార్చి వచ్చింది. వినేసరికి నాకు ఒళ్లు మండిపోయింది. అయినా ఏం చెయ్యమని చెప్పను? ఒక్కరి పేరు చెప్తే అందరి పేర్లూ బయటికొస్తాయి. అందరి పేర్ల వెనకా ఉన్నది ఈమె చెయ్యే.

హరినాథ్ నెల్లూరు పోయాడు. వెళ్లిన వారం రోజుల్లోనే పుట్ల అంకెను క్వింటాళ్ల గడిలో కొట్టాడు. గోడౌన్లో ఉన్న వడ్లలో ఎనిమిదో వంతు కూడా తెర మీద కనపడలేదు. ఈమెకు ఫోను చేస్తే, కొడవలూరులో కూర్చుని దగ్గుతూ ఆ లెక్కంతా సరిచేసింది. అప్పట్నుంచి రోజూ అదే పని. నెల్లూరు కుర్చీలో అతను, ఆ కుర్చీ పని చేసేది ఈమె. ఎందుకు చేస్తున్నావంటే, అతని తప్పు బయటపడితే ఆ తొంభై ఆరు ఎక్కడిదని అడుగుతారు గదక్కా అంది.

ఆమెకు ఇన్‌హేలర్ లేకుండా రోజు గడవని కాలం వచ్చింది. అట్లాంటప్పుడు రెండో లెవల్ శిక్షణ అని ఒకటి వచ్చిపడింది. సాఫ్ట్‌వేర్ మారింది, పాత సర్టిఫికెట్లు చెల్లవు, అందరూ మళ్లీ రాయాలి. ఈసారి కెమెరా పెట్టారు. రాసేవాళ్ల మొహం పరీక్ష అయిందాకా తెర ముందు ఉండాలి, పక్కన ఇంకో మనిషి కనపడితే పరీక్ష ఆగిపోతుంది. మిల్లులో శోకాలు మొదలయ్యాయి. చెంచులక్ష్మి మాత్రం చాలా నెలల తరవాత బండిలో మల్లెపూలు కొనుక్కుంది. ఇంక ఎవరి పరీక్ష వాళ్లదే. ఇప్పుడు తెలుస్తుంది ఎవరికేం వచ్చో.

పరీక్షకు ముందు వాళ్లందరికీ పాఠాలు చెప్పడానికి కూర్చుంది కూడా. నేను వద్దన్నా వినలేదు. చెప్తుంటే ఒకడికి లారీ వచ్చింది, ఒకడికి ఫోను వచ్చింది. ఆమే చేసిపెట్టడం అలవాటైన వాళ్లకు ఆమె చెప్పింది ఎక్కలేదు. కొడవలూరు మిల్లులో పాసైంది ఆమె ఒక్కతే. నెల్లూరులో హరినాథ్ తప్పాడు. మూడు మిల్లుల మీదా ఆమెవే పెద్ద మార్కులు. ఈసారి ఆమె పేరు మీదే ఉన్నాయి.

మర్నాడు ఓనరు వీడియోలో మాట్లాడతానన్నాడని తెలిసి ఆమె మంచి చీర కట్టుకుని వచ్చింది. బండి దిగేటప్పుడు నా చెయ్యి నొక్కింది. అక్కడ జరిగింది సాయంత్రం నాకు చెప్పింది. చెప్పేటప్పుడు మొహం కిటికీ వైపు పెట్టుకుంది.

ఓనరు ముందు మెచ్చుకున్నాడు. హరినాథ్ లాంటి వాడే తప్పిన పరీక్ష నువ్వు పాసైనావంటే మాటలు కాదన్నాడు. నెల్లూరు పని కూడా ఇకమీదట నువ్వే చూడాలన్నాడు. ఆమె ఎప్పుడు రమ్మంటారు సార్ అని అడిగింది. రావడమెందుకు అన్నాడాయన.

“ఇదంతా ఇంటర్నెట్టే గదమ్మా, యాడ కూర్చోని చేసినా ఒకటే. అందుకే గదా ఇంత పెట్టి కొన్నది. నిన్ను కదిలిస్తే ఆ మిల్లులో తెలిసినోళ్లు ఎవురుండారు చెప్పు?”

హరినాథ్ నెల్లూరులోనే ఉండి బ్యాంకు పనులూ బయటి పనులూ చూసుకుంటాడట. అతను ఓనరు పక్కనే కూర్చుని ఉన్నాడు, తల ఎత్తలేదు. ఆమెకు తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. అంత గట్టిగా ఆ గదిలో ఆమె ఎప్పుడూ మాట్లాడలేదు.

“యాడైనా ఒకటే అయితే నెల్లూరులో కూర్చోని చేస్తాను సార్. ఈ దుమ్ముకి నాకు ఊపిరాడటంలా. డాక్టరు—”

అప్పుడే ఎవరో తూకం చీటీ ఇవ్వడానికి తలుపు తీశారు. దగ్గు వచ్చింది. మొదలైతే దానంతటది ఆగేది కాదు. డాక్టరు చెప్పిన మాట చెప్పాలని ఆమె రెండుసార్లు నోరు తెరిచింది, రెండుసార్లూ దగ్గే వచ్చింది.

“అమ్మా, ఆ మైకు ఆపుకో,” అన్నాడు ఓనరు. “మాకు ఒకరి మాట ఒకరికి ఇనపడటంలా.”

ఆమె మైకు ఆపేసింది. తెర మీద ఒక మూల చిన్న గడిలో తను వంగి దగ్గుతుండడం ఆమెకు కనిపిస్తూనే ఉంది. నెల్లూరులో వాళ్లు మూడో లెవల్ శిక్షణ ఎప్పుడు పెట్టించాలో మాట్లాడుకుంటున్నారు.