గోడకు పెట్టే ఫోటో

మా అవ్వ పోయినప్పుడు ఇంట్లో ఆమె ఫోటో ఒక్కటీ లేదు. ఆధార్ కార్డులో ఉన్నదాన్నే పెద్దది చేయించి గోడకు తగిలించాం. జుట్టు రేగి, కళ్ళు బెదిరి, దొంగతనం మోపి నిలబెట్టినట్టు ఉంటుంది అందులో. ఒకరి సొమ్ము ముట్టి ఎరగని మనిషి. ధర్మవరంలో మా వీధిలో పోయినవాళ్ళు చాలామంది గోడల మీద అలాగే ఉంటారు. నాయన ఆ ఫోటో ముందు నుంచి పోయినప్పుడల్లా, "ఈమె మా అమ్మ కాదప్పా," అనేవాడు.

నేను హిందూపురంలో డిగ్రీ చదివేదాన్ని. రోజూ రైల్లో పోయి రావడం. రెండో ఏడు ఏదో ఒక స్కిల్ కోర్సు తీసుకోమన్నారు. నేను పోయేసరికి అన్నీ నిండిపోయి ఫోటోగ్రఫీ మిగిలింది. ఇష్టం లేకుండానే పేరు రాయించాను. ఒక శనివారం సార్ నా చేతికి కాలేజీ కెమెరా ఇచ్చి, "ఒకే పక్క నుంచి వెలుతురు పడే మొహం తీసుకురామ్మా. కళ్ళు స్పష్టంగా ఉండాలి," అన్నాడు.

మా ఇంట్లో అలాంటి వెలుతురు పడేది మగ్గం దగ్గరే, పైకప్పులో ఉన్న గవాక్షి నుంచి. నాయన మగ్గం గుంతలో కాళ్ళు పెట్టి కూర్చుని చీర నేస్తున్నాడు. కెమెరాలోంచి చూశాను. పుట్టినప్పటి నుంచీ చూస్తున్న మొహమే. అయినా తెగిన పోగును వెతికేటప్పుడు కింది పెదవిని పళ్ళతో పట్టుకుంటాడని నాకు తెలియదు. ఎడమ కనుబొమ నెరిసిందని తెలియదు. అమ్మ అన్నానికి పిలుస్తున్నా నేను అక్కడి నుంచి కదలలేదు. ఆ పూట నుంచి నాకు ఫోటోల పిచ్చి పట్టింది. సార్ కూడా విసుక్కోకుండా వారం వారం కెమెరా ఇచ్చి పంపేవాడు.

ఆ ఎండాకాలం నాయనకు దగ్గు మొదలైంది. ఎన్ని మందులు వాడినా తగ్గలేదు. బెంగళూరులో పెద్ద డాక్టరు చూసి, ఊపిరితిత్తులు చెడిపోయాయి, మందులతో కొన్నాళ్ళు నెట్టుకురావచ్చు అంతే, అన్నాడు. ఆ మాట నాయన ఎదురుగానే అన్నాడు.

తరువాతి ఆదివారం నాయన తెల్లచొక్కా వేసుకుని, తల తడిపి దువ్వుకుని, గవాక్షి కింద కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

"తీయ్ పాపా. గోడకు పెట్టేకి మంచిదొకటి కావల్ల. మా అమ్మ మాదిరి నన్నూ దొంగను చేయొద్దండి."

తీశాను. ఎంత బాగా వచ్చిందంటే నాకు భయం వేసింది. ఆ ఫోటో చేతికిస్తే ఇక పోవడానికి ఆయనకు అడ్డమేమీ ఉండదనిపించింది. "వెలుతురు చాలలేదు నాయనా, వచ్చే వారం తీస్తా," అన్నాను.

వచ్చే వారం మళ్ళీ ఆ చొక్కా. కాలర్ ముడుచుకుందన్నాను. ఆపై వారం కళ్ళు మూశావన్నాను. "ఆడలేక మద్దెల ఓడన్నట్ల, నీకు రాక నామీద పెడ్తాండావు," అని నవ్వేవాడు. నవ్వితే దగ్గు వచ్చేది. వారం వారం ఆ చొక్కా ఆయనకు వదులవుతూ ఉండేది. అది కెమెరాలో నాకు ఇంకా బాగా కనిపించేది.

ఒక సోమవారం అమ్మా నాయనా బెంగళూరు ఆస్పత్రికి బయలుదేరారు. కాలేజీకి నేనూ అదే రైలు ఎక్కాను. తిరిగి ఇవ్వాల్సిన కెమెరా నా ఒళ్ళో ఉంది. అమ్మ కిటికీకి తల ఆనించి నిద్రపోయింది. పెనుకొండ దగ్గర పడుతుంటే, ఎదురు కిటికీ పక్కన కూర్చున్న నాయన మెల్లగా అన్నాడు.

"మొదటి దినమే బాగొచ్చిండాది కదా పాపా? దాన్ని చూసుకున్నప్పుడు నీ మొహం చూస్తి."

నేను తల ఊపాను. "మరి వారం వారం చొక్కా వేసుకుని ఎందుకు కూర్చున్నావు?" అన్నాను.

"నన్ను ఎవురూ అంతసేపు చూసిందిల్యా. బాగుండె నాకు." కిటికీలోంచి బయటికి చూసి, "ఇప్పుడు తీయ్. కొండ దాటిపోతాది మళ్ళ," అన్నాడు.

కళ్ళనిండా నీళ్ళు. కెమెరాకు కన్ను ఆనించలేకపోయాను. దాన్ని పక్కకు చాచి పట్టుకుని, చూడకుండానే నొక్కాను. నాయన తెరమీద చూసుకుని, "ఈడ నవ్వుతాండా చూడు. ఇదే పెట్టు. బాగొచ్చిందా లేదా చెప్పు," అన్నాడు.

"వచ్చింది నాయనా," అన్నాను.

హిందూపురంలో నేను దిగిపోయాను. ఆ వారమే ఆస్పత్రిలో నాయన పోయాడు.

ఆయన చెప్పిన ఫోటోనే పెట్టాం. కళ్ళు స్పష్టంగా ఉన్నాయి, వెనక పెనుకొండ కొండ కొంచెం మసకగా ఉంది. అమ్మకు ఒకటే దిగులు. "ఈడ నిలబడినా, ఆడ నిలబడినా నా తట్టు చూడడే మీ నాయన," అంటుంది. ఆ పొద్దు ఆయన కెమెరాను చూడలేదు, దాని పక్కన ఏడుస్తున్న నన్ను చూశాడు. నేను కూడా గడప దగ్గర, మగ్గం దగ్గర, అన్నిచోట్లా నిలబడి చూశాను. నావైపూ చూడడు.

ఇప్పుడు నేను పెళ్ళిళ్ళకు ఫోటోలు తీస్తాను. పొద్దస్తమానం అందరినీ ఇటు చూడండి, ఇటు చూడండి అని అరవడమే నా పని. ఇంట్లో ఎవరూ లేనప్పుడు ఒక్కోసారి ఆ గోడ ముందు కూడా నిలబడతాను.

ఇటు చూడు నాయనా, అంటాను.