పదకొండు గ్రాములు

మా ఆవిడకు బరువు విషయంలో మహా పట్టింపు. తన బరువు గురించి కాదు, తను మోసేవాటి బరువు గురించి. పప్పులు తూచుకోవడానికని వంటింట్లోకి ఒక చిన్న కాటా కొన్నాం. దాని మీద పప్పులు ఎక్కింది బహుశా మొదటి నెలలోనే. ఆ తర్వాత ఎక్కినవన్నీ మేజోళ్లు, వాన కోటు, మ్యాపు, దిక్సూచి. బూటు లేసుల చివర్లు కత్తిరించి, ఆ ముక్కల్ని తూచి, "ఒకటిన్నర గ్రాము!" అని మురిసిపోయే మనిషితో ఇరవై ఏళ్లుగా కాపురం చేస్తున్నాను. నవ్వేవాళ్లు నవ్వుకోవచ్చు. నేనూ చాలాకాలం నవ్వాను.

ఆవిడ ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీస్తుంది. రోజంతా కిటికీ లేని గదిలో, సీసపు ఏప్రన్ తగిలించుకుని, "ఊపిరి బిగబట్టండి... ఇక వదిలేయండి" అంటూ ఉంటుంది. ఆ ఏప్రన్ అయిదు కిలోలు. వారమంతా దాన్ని మోస్తుంది గనకే ఆదివారం గ్రాములు లెక్కపెడుతుందని నా అనుమానం. ఆదివారం తెల్లవారితే చాలు, ఊరి వెనక కొండల మీద పరుగు. రోడ్డు మీద పరుగు కాదు, కాలిబాట మీద కూడా కాదు. బండలు, ముళ్లపొదలు, జారే మట్టి, ఏది అడ్డొస్తే దాని మీదుగానే పైకి, మళ్లీ కిందికి. నలభై ఆరేళ్ల మనిషి!

నాది సంచుల రిపేరు కొట్టు. తెగిన పట్టీలు, పళ్లూడిన జిప్పులు, చక్రం పోయిన సూట్‌కేసులు, అన్నీ నా దగ్గరికే వస్తాయి. ఆవిడ వీపు సంచి నేనే కుట్టాను. వాన కోటు కూడా నేనే కుట్టి, కుట్టు కుట్టుకూ లోపలి నుంచి టేపు వేసి ఇస్త్రీపెట్టెతో అతికించాను. అన్నీ సమకూర్చేవాణ్ణే గానీ, ఆ కొండ మొదట్లోకి కూడా ఎప్పుడూ వెళ్లలేదు. కొట్టు గుమ్మంలో కూర్చుంటే మూడు కొండలూ నీలంగా, నున్నగా కనబడతాయి. నాకు అది చాలు.

ఏడాదికోసారి ఆ మూడు కొండలు ఎక్కి దిగే పోటీ ఒకటి జరుగుతుంది. పొద్దున ఆరింటికి మొదలు. రెండో కొండ దిగి మూడోది ఎక్కేముందు ఒక కనుమ ఉంది. అక్కడ ఒక తాడు కడతారు. మధ్యాహ్నం పన్నెండులోపు తాడు దాటినవాళ్లే ముందుకు. ఒక్క నిమిషం ఆలస్యమైనా నమస్కారం పెట్టి వెనక్కి పంపేస్తారు. మూడో కొండ ఎక్కాలన్నది మా ఆవిడ కోరిక. గెలవాలని కాదు, దాని మీద నిలబడాలని. ఆ తాడు దగ్గర మూడుసార్లు ఆగిపోయింది. మొదటి ఏడు నలభై నిమిషాల తేడా, రెండో ఏడు పంతొమ్మిది, మూడో ఏడు నాలుగు.

ఆ రెండో ఏడాది పంతొమ్మిది నిమిషాల మీద నేను ఆడిపోసుకోవడం అంతా ఇంతా కాదు. ఆ ఏడు చాలా బాగా సాధన చేసింది, వాతావరణం తప్ప అన్నీ కలిసొచ్చాయి, అయినా ఓడిపోయింది. పైగా నేను ప్రాణం పెట్టి కుట్టిన కోటు బురద కొట్టుకుని, చెయ్యి చిరిగి తిరిగొచ్చింది. "ఏం చేశావు దీన్ని?" అంటే, "తడిసిందండీ, అంతే" అంది. పాలు పొంగిపోయినా, బస్సు వెళ్లిపోయినా, "పంతొమ్మిది నిమిషాలు!" అనేవాణ్ణి. ఆవిడ నవ్వి ఊరుకునేది. కొండను తవ్వి ఎలుకను పట్టడం అంటే ఇదేనని మా అమ్మతో కూడా అన్నాను. మా అమ్మ కోడలి పక్షం. "నువ్వు కుర్చీలోంచి లేచి చూపించు ముందు" అంది.

మూడో ఏడు నాలుగు నిమిషాల తేడా రావడానికి కారణం మోకాలు. ఆవిడ సహోద్యోగి ఎక్స్‌రే తీస్తే ఆవిడే దాన్ని వెలుతురుకి పెట్టి చూసి, డాక్టరు చెప్పకముందే ముఖం చిన్నబుచ్చుకుంది. ఆరు నెలలు కొండ దిగే పరుగు వద్దన్నారు. కావాలంటే సైకిలు తొక్కుకోమన్నారు. మోకాలికీ బోడిగుండుకీ ముడిపెట్టినట్టు ఇదేం వైద్యం అనుకున్నాను. పది రోజుల్లో మా వసారాలోకి ఒక కొండ సైకిలు వచ్చి కూర్చుంది. ఎవరో వాడి అమ్మేసింది. లావుపాటి టైర్లు, ముందు చక్రానికి స్ప్రింగులు. దాన్ని తూచడానికి కాటా చాల్లేదు. నేను లోలోపల సంతోషించాను.

మొదటి వారంలో నాలుగుసార్లు పడింది. పరుగెత్తేవాళ్ల అలవాటు వల్లేనట. పరుగులో కొండ దిగేటప్పుడు పాదం ఎక్కడ పెట్టాలో ఆ రాయినే చూస్తారు. సైకిలు మీద రాయిని చూస్తే సైకిలు నేరుగా ఆ రాయి మీదికే పోతుంది. "కన్ను ఎటుపోతే చక్రం అటే పోతుందండీ. రాయిని చూడకూడదు, రాయి పక్కనుంచి పోయే దారిని చూడాలి" అని మోచేతికి మందు రాసుకుంటూ చెప్పింది. "ఇదేదో పెళ్లికి ముందే తెలిసి ఉంటే బాగుండేది" అన్నాను. దూది నా మీదికి విసిరింది.

ఈ ఏడు మోకాలు కుదుటపడింది. మళ్లీ పోటీకి పేరిచ్చింది. పోటీ ముందురోజు సాయంత్రం ఆవిడ డ్యూటీలో ఉండగా, నేను ఏదో ఒక మేలు చేయాలనుకుని సంచిని కొట్టుకు తెచ్చాను. ఛాతీ దగ్గర పట్టీని కలిపే బకిల్, ఆవిడ ఏదో పాత సంచిలోంచి కోసి ఇస్తే చూడకుండా కుట్టేసింది, లావుగా ఉంది. దాన్ని విప్పేసి సన్నటి కొత్త బకిల్ కుట్టాను. ఇంటికొచ్చాక సంచిని కాటా మీద పెట్టి చూపించాను. "పదకొండు గ్రాములు తగ్గించాను!" ఆవిడ కళ్లు పెద్దవి చేసి, "పదకొండా!" అంది. నాకు ఆ రాత్రి గర్వంతో నిద్ర పట్టింది.

మర్నాడు తొమ్మిదిన్నరకు కొట్టు తెరిచాను. బల్ల మీద చిత్తు డబ్బాలో పాత బకిల్ కనబడింది. ఊరికే చేతిలోకి తీసుకుని తిప్పాను. దాని పక్కన చిన్న చీలిక, కింద బోలుగా ఒక గొట్టం. నోట్లో పెట్టుకుని ఊదితే కీచుమంది. అది ఒట్టి బకిల్ కాదు, విజిల్.

ఆ పోటీలో ప్రతివాళ్ల దగ్గరా ఉండి తీరాల్సినవి కొన్ని ఉన్నాయి: వాన కోటు, మ్యాపు, దిక్సూచి, కాస్త తిండి, ఆపదలో ఊదుకోవడానికి విజిల్. తాడు దగ్గర ఒక్కొక్కటీ చూపించాలి. ఏ ఒక్కటి లేకపోయినా అక్కడితో ఆట కట్టు. మూడేళ్లు ఆవిణ్ణి ఆపింది కొండ. నాలుగో ఏడు ఆపబోతున్నది నేను. ఫోన్ చేశాను. ఆపేసి ఉంది. ఇంటివాళ్లు ఏదైనా ఇవ్వాలనుకుంటే ఆ తాడు దగ్గర మాత్రం ఇవ్వనిస్తారు. అక్కడికి వెళ్లే అడవి దారిలోకి బండ్లను రానివ్వరు. నడవాలి, లేదా సైకిలు తొక్కాలి. పదకొండు కిలోమీటర్లు. నడిస్తే అందుకోలేను.

షట్టరు సగం దించి ఇంటికి పరుగెత్తాను. వసారాలోంచి సైకిలు బయటికి తీసి, ఆవిడ హెల్మెట్ నా తలకు పెట్టుకుంటుంటే గడ్డం కింది పట్టీకి తెగిన దారం ఒకటి వేలాడుతూ కనబడింది. దీన్ని కూడా బరువని కోసేసిందా తల్లీ అనుకున్నాను. "ఎక్కడికిరా?" అంది మా అమ్మ. "కొండ మీదికి" అన్నాను. మా అమ్మ గబగబా వెళ్లి గేటు తీసి పట్టుకుంది.

మొదటి ఆరు కిలోమీటర్లు రోడ్డు. పరవాలేదు. ఆ తర్వాత అడవి దారి మొదలైంది. గేర్లు ఎటు తిప్పితే ఏమవుతుందో తెలియక అన్నీ తిప్పాను. సగం దూరం తొక్కాను, సగం దూరం తోశాను. ఊపిరి ఎక్కడికి పోయిందో తెలియలేదు. కనుమకు కాస్త ముందు దారి ఒకచోట కిందికి దిగుతుంది. మధ్యలో కుండంత రాయి. దాన్నే చూశాను, తిన్నగా దాని మీదికే వెళ్లాను. లేచేసరికి మోచెయ్యి చీరుకుపోయింది. అప్పుడు గుర్తొచ్చింది మా ఆవిడ మాట. మళ్లీ ఎక్కి, ఈసారి రాళ్లను వదిలేసి వాటి మధ్య దారినే చూశాను. సైకిలు అటే పోయింది. యాభై ఏళ్లొచ్చాక నాకు ఇలాంటి సంగతి ఒకటి కొత్తగా తెలియడం వింతగా అనిపించింది.

దూరపు కొండలు నునుపు అని ఊరికే అనలేదు. దగ్గరికెళ్లి తలెత్తి చూశాను. కొట్టు గుమ్మంలోంచి నీలంగా కనబడేదంతా విరిగిన బండలే. ఒకదాని మీద ఒకటి, అంచులు పదును దేలి, ఆకాశం దాకా. గాలి నన్ను పక్కకు నెట్టేస్తోంది. పైన ఎక్కడో చీమల్లా మనుషులు దిగుతున్నారు. నా భార్య ప్రతి ఆదివారం ఇక్కడికి వచ్చి, ఇంటికెళ్లి, బియ్యం కడిగి స్టవ్ మీద పెడుతోందా? ఇన్నేళ్లూ నేను నవ్వింది దీన్ని చూసా? నాకు భయమూ భక్తీ రెండూ ఒకేసారి కలిగాయి.

తాడు దగ్గర ఒక పెద్దాయన గడియారం పట్టుకుని నిలబడి ఉన్నాడు. రిటైరైన భూగోళం మాస్టారట. మా ఆవిడ పేరు చెప్పగానే, "ఇంకా రాలేదు. కూర్చోండి, పడిపోయేలా ఉన్నారు" అన్నాడు. పదకొండు నలభై. నలభై రెండు. నలభై అయిదు.

అప్పుడు కనబడింది. రెండో కొండ అంచు మీద నేను కుట్టిన ఎర్ర సంచి. నిట్టనిలువు వాలు మీద, కదిలే రాళ్ల మీద, దిగుతోంది అనడం కూడా తప్పు, వస్తోంది. కాళ్ల కింద రాళ్లు దొర్లుతున్నాయి, ఆవిడ మాత్రం వాటివైపు చూడడం లేదు. తలెత్తి చాలా ముందుకి, దారి పోయే చోటికి చూస్తోంది. కాళ్లు వాటంతటవే అక్కడికి వస్తున్నాయి. అది సైకిలు నేర్పిన చూపు. నేను నోరు తెరుచుకుని నిలబడిపోయాను. ఆ మనిషి నాకు తెలిసిన మనిషే అని నమ్మడానికి కొంతసేపు పట్టింది.

తాడు దగ్గరికొచ్చి నన్ను చూసింది. సైకిలు చూసింది. మాస్టారు అప్పటికే మొదలుపెట్టాడు. "కోటు?" చూపించింది. "మ్యాపు, దిక్సూచి? తిండి?" చూపించింది. "విజిల్?"

నేను జేబులో చెయ్యి పెట్టేలోపే ఆవిడ భుజం పట్టీ ఎత్తి చూపించింది. చిన్న నారింజరంగు విజిల్, దారంతో కట్టి ఉంది. హెల్మెట్ పట్టీకి ఉండాల్సింది.

"నీకెలా తెలిసింది?" అన్నాను.

"పొద్దున పట్టీ పెట్టుకుంటే చప్పుడు తేడాగా వచ్చిందండీ. చూస్తే విజిల్ లేదు."

"మరి నన్ను లేపి చెప్పొచ్చుగా!"

"పదకొండు గ్రాములని అంత సంబరపడ్డారు, ఎలా చెప్పను?" అంటూ నా మోచెయ్యి పట్టుకుని, ఎముక వెంట బొటనవేలితో నొక్కి చూసింది. "విరగలేదు లెండి. నిదానంగా దిగండి, రాళ్లను చూడకండి" అని తాడు దాటింది. పదకొండు యాభై ఒకటి.

మూడో కొండ మీద ఆవిడ పైకి పోతుంటే నాకు ఆనందం ఆగలేదు. అరిస్తే అంత దూరం వినబడదు. పాత బకిల్ తీసి నోటికి పెట్టుకున్నాను. మాస్టారు ఒక్క దూకు దూకి నా మణికట్టు పట్టుకున్నాడు.

"ఊదకండి! ఏం మనిషండీ మీరు? కొండ మీద విజిల్ వినబడితే ఎవరో ఆపదలో ఉన్నారని అర్థం. మిగతావాళ్లు వస్తారో రారో, మీ ఆవిడ మాత్రం వెనక్కి దిగి వచ్చేస్తుంది. రెండేళ్ల కిందట వచ్చింది కదా!"

"ఎక్కడికి?"

ఆయన నావంక వింతగా చూశాడు. "మీకు చెప్పలేదా? పొగమంచులో ఒక బ్యాంకు ఉద్యోగి రాళ్ల మధ్య పడి చీలమండ విరగ్గొట్టుకున్నాడు. ఆయన విజిల్ పదిమందైనా విని ఉంటారు. వెనక్కి దిగింది ఈవిడొక్కతే. తన కోటు ఆయనకు కప్పి, కాలు కట్టి, మావాళ్లు వెళ్లేదాకా అరగంట పక్కనే కూర్చుంది. ఇక్కడికొచ్చేసరికి పంతొమ్మిది నిమిషాలు ఆలస్యం. రూలు రూలే అమ్మా అన్నాను. అలాగే మాస్టారూ అని వెనక్కి తిరిగింది. ఆ రోజు నాకు అన్నం సహించలేదు."

నేను విజిల్‌ని గుప్పిట్లో పెట్టి మూసేశాను. ఎర్ర సంచి చుక్కంత అయి, శిఖరం మీద ఒక్క క్షణం ఆగి, అవతలికి దిగిపోయింది. నేను ఏడ్చానని చెప్పడానికి నాకు సిగ్గేమీ లేదు. పాలు పొంగినప్పుడల్లా, బస్సు తప్పినప్పుడల్లా నేను అన్న మాటలన్నీ ఒకదాని వెంట ఒకటి గుర్తొచ్చాయి.

ఆవిడ చివరినుంచి నాలుగోదిగా పోటీ పూర్తిచేసింది. ఆ సాయంత్రమే నేను సన్నటి బకిల్ విప్పేసి, పాతదాన్ని మూడు వరసల కుట్టుతో మళ్లీ బిగించాను. ఆవిడ అలవాటుగా సంచిని కాటా మీద పెట్టింది.

"పదకొండు గ్రాములు పెరిగింది" అంది.

"ఉండనీ."

ఎన్నో అడుగుదామనుకున్నాను. క్షమాపణ ఎలా మొదలుపెట్టాలో నాకు తెలియదు, మా ఇంట్లో అలవాటు లేదు. చివరికి మిగిలిన దారాన్ని రీలుకు చుడుతూ, తలెత్తకుండా అడిగాను.

"ఆ బ్యాంకాయన కాలు బాగైందా?"

ఆవిడ సంచిని కాటా మీంచి దించింది. కాటా మీది అంకెలు ఆరిపోయాయి.

"చక్కగా అతుక్కుంది" అంది. "ఎక్స్‌రే నేనే తీశాను."