ఒక కుర్చీకి ఇద్దరు

ఆ చర్చిలో వడ్రంగి తాతయ్య ఏ పనినీ ఒక్క మనిషితో కానివ్వడు. ఆయనకున్న పిచ్చి అదొక్కటే, మిగతా మనిషంతా మేలిమి బంగారం. చిటికెన వేలికి తగిలించుకుని పోదగ్గ ప్లాస్టిక్ కుర్చీ జరపాలన్నా సరే, "ఏమండీ, ఓ చెయ్యెయ్యండి" అని ఇంకొకరిని పిలుస్తాడు. ఆ ఇద్దరూ చెరోపక్కా పట్టుకుని నిండుకుండను మోసినట్టు మోయాలి. అందుకే సంఘంలో పిల్లాపెద్దా అందరికీ ఆయన 'చెయ్యెయ్యండి తాతయ్య' అయిపోయాడు.

పోనీ ఒంట్లో సత్తువ లేదా అంటే, టేకు ద్వారబంధాన్ని ఒంటి భుజాన మూడంతస్తులు ఎక్కించిన ఘనుడు. కానీ చర్చి గడప తొక్కాడంటే చాలు, పాటల పుస్తకం కూడా బరువైపోతుంది. చీపురు పట్టడానికి ఒకరు, చెత్త ఎక్కడుందో చూపించడానికి ఒకరు. కిటికీ తుడవాలంటే లోపల ఒకరు, బయట ఒకరు. "ఎవరి వైపు మరక వాళ్ళకి కనబడదండీ, అవతలి వాళ్ళే చెప్పాలి" అని దానికో సూత్రం కూడాను.

ఒకసారి పాస్టరుగారు ఉండబట్టలేక, "తాతయ్యా, ప్రసంగానికి కూడా ఇద్దరం కావాలంటారా?" అని అడిగారు.

"చెప్పడానికి మీరొక్కరు చాలు బాబూ. మెలకువగా వినడానికి ఇంకొకరు దొరికితే అంతే చాలు."

ఆ రోజు పాస్టరుగారు ప్రసంగం పావుగంట ముందే ముగించారు. తాతయ్య వల్ల సంఘానికి ఎంత మేలు జరిగిందో అప్పుడే కొందరికి తెలిసొచ్చింది.

ఈ పిచ్చి మింగుడుపడనిది ఒక్క టీచరమ్మకే. ఆవిడ రిటైరైన హెడ్‌మిస్ట్రెస్, సంఘానికి కార్యదర్శి. ముప్పయ్యేళ్ళు గంట కొట్టించి పిల్లల్ని నడిపించిన మనిషి. అరవై కుర్చీలు, మనిషికో కుర్చీ అయితే పన్నెండు నిమిషాల పని అని ఆవిడ లెక్క. తాతయ్య పద్ధతిలో ముప్పావుగంట పడుతోంది. పైగా ఇంకో వింత. ఆదివారం ఆరాధన అయ్యాక కుర్చీలన్నీ హాల్లో వరసగా సర్ది తాళం వేస్తారా, మళ్ళీ ఆదివారానికి అవన్నీ వెనక గదిలో కుప్పగా పడి ఉంటాయి. హాలు కడిగే ఆవిడను అడిగితే "నేను కాదు మొర్రో" అంటుంది.

నిజానికి ఆవిడ చిరాకు కుర్చీల మీద కాదు. ఆవిడ తమ్ముడు బస్సు డ్రైవరు. చూపు తగ్గిందని ఉద్యోగంలోంచి దింపేస్తే, మనసు విరిగి అక్క ఇంట్లో కూర్చున్నాడు. టీచరమ్మకు తెలిసిన ఓదార్పు ఒకటే, క్లాసు పీకడం. "కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయిరా! లే!" అంది. తమ్ముడు లేచాడు. లేచి, మాట్లాడకుండా ఆవిడ గడప దిగి వెళ్ళిపోయాడు. అప్పటినుంచి నాలుగు నెలలుగా అక్కాతమ్ముళ్ళకు మాటల్లేవు. ఈమధ్య ఎలాగో చర్చికి వస్తున్నాడు గానీ, చివరి వరసలో కూర్చుని అక్క ముందువరసలో ఉంటే గోడ వైపు చూస్తాడు. తమ్ముడి గొంతు వినాలని ఆవిడకు ప్రాణం కొట్టుకుపోతోంది. కానీ ముందు పలకరించడం అన్నది ఆవిడ సిలబస్‌లో లేదు.

తమ్ముణ్ణి దారిలో పెట్టడం చేతకాకపోయినా కుర్చీలనైనా పెడదామనుకుంది. 'మనిషికో కుర్చీ, పన్నెండు నిమిషాలు' అని టైంటేబులు రాసుకుని, గోడకు అంటిద్దామని శనివారం మధ్యాహ్నం చర్చికి వెళ్ళింది. తలుపు ఓరగా తీసి ఉంది. లోపల తాతయ్య, ఎనిమిదడుగుల కర్రబెంచీని ఒంటి భుజాన వేసుకుని, కూనిరాగం తీస్తూ వెనక గదిలోకి నడుస్తున్నాడు. కుర్చీలన్నీ అప్పటికే లోపలికి చేరిపోయాయి.

"దొంగ దొరికాడు!" అంది టీచరమ్మ.

తాతయ్య గతుక్కుమన్నాడు. "వందనాలమ్మా. కాస్త ఓ చెయ్యెయ్యండి."

"ఇప్పటిదాకా ఒక్కరే మోశారుగా!"

"మీరు చూశాక బరువెక్కిందమ్మా."

"సర్దినవన్నీ ఇన్నాళ్ళుగా మీరే చెడగొడుతున్నారన్నమాట. ఎందుకండీ ఈ పని?"

తాతయ్య బెంచీ దించి, జేబులోంచి అరచేతంత ప్లైవుడ్ ముక్క తీశాడు. దాని మీద పెన్సిల్‌తో రేపటి జంటలు రాసి ఉన్నాయి. ప్రతి శనివారం గరుకు కాగితంతో రుద్ది కొత్తగా రాస్తాడట.

"ఈ కొత్త కోడలికి ఇక్కడ ఎవరూ తెలీదు, అందుకని నర్సమ్మతో వేశా. ఈ బేకరీ ఆయనకీ ఎలక్ట్రీషియన్‌కీ గోడ తగాదా. వీళ్ళకి కుర్చీ ఇవ్వనమ్మా, పెద్దబల్ల ఇస్తా."

"బల్లే ఎందుకు?"

"మాట్లాడుకోకపోతే అది గుమ్మంలోంచి దూరదు."

టీచరమ్మ నవ్వు ఆపుకుని తర్వాతి వరస చదివింది. 'డ్రయివరు, వాచీల ఆయన.' ఆవిడ వేలు అక్కడే ఆగిపోయింది.

"వాచీలు బాగుచేసే ఆయనకి చెయ్యి వణుకుతోందమ్మా. పాపం, షాపు మూసేద్దామనుకున్నాడు. ఇప్పుడు మీ తమ్ముడు రోజూ వెళ్ళి షట్టర్ ఎత్తి, మూతలు బిగించి పెడుతున్నాడు. ఆయనేమో ఇతనికి పేపరు చదివి వినిపిస్తున్నాడు."

"నేను బతిమాలినా రాని వాడు, మీరు చెప్తే చర్చికొచ్చాడా?" బతిమాలలేదని ఆవిడకూ తెలుసు.

"నేను రమ్మన్నా తలుపేశాడు. రెండోసారి ఈ బెంచీ తీసుకెళ్ళా. 'కాలు ఊడింది, బిగిస్తా, అటు పట్టుకో బాబూ' అన్నా. బిగించాక ఇక్కడిదాకా మొయ్యాలి కదా మరి!"

"కాలు నిజంగా ఊడిందా?"

"నేనే ఊడదీశాలెండి. ప్రార్థనకి రమ్మంటే రాడమ్మా, పని ఉందంటే వస్తాడు. మొయ్యడానికి కుర్చీ లేని ఆదివారం అతను రాడు."

చేతిలోని టైంటేబులు టీచరమ్మకు ఉన్నట్టుండి బరువెక్కింది. ప్లైవుడ్ ముక్క అడుగున ఇంకో వరస ఉంది. 'టీచరమ్మ' అని రాసి, పక్కన ఖాళీ. ఆ వరస ఒక్కటీ ఎన్నడూ రుద్దినట్టు లేదు.

"ఇదేంటి?"

"మీకు ఎవర్ని వెయ్యాలో తెలీట్లేదమ్మా. మీరు ఏదైనా ఒక్కరే ఎత్తేస్తారు."

ఆవిడ తాతయ్య చెవి మీది పెన్సిల్ లాక్కుని, ముందు ఆయన రాతలో రెండు తప్పులు దిద్దింది. అలవాటు మరి. ఆ తర్వాత ఖాళీలో ఒక్క మాట రాసి ముక్క తిరిగిచ్చింది.

ఆదివారం ఆరాధనకు ముందు ఆవిడ లేవగానే, ఏ ఆర్డరు వేస్తుందోనని అందరూ బిక్కుబిక్కుమంటూ చూస్తుంటే, టీచరమ్మ తిన్నగా అప్పటికే సర్దిన చివరి వరసలో కూర్చున్న తమ్ముడి దగ్గరికి నడిచి, అక్కడ ఇంకా సర్దని ఒక కుర్చీ మీద చెయ్యి వేసింది.

"తమ్ముడూ, ఓ చెయ్యెయ్యరా."

తమ్ముడు గోడ వైపే చూస్తూ, "ఏం, ఎత్తలేవా?" అన్నాడు.

"ఎత్తలేకపోతున్నానురా. ఆ రోజు అలా అనకూడదు. అన్నప్పటినుంచీ మొయ్యలేకపోతున్నాను."

అతను లేచాడు. రెండో పక్క పట్టుకున్నాడు. నాలుగడుగులు వేశాక, "కాస్త ఇటు తిప్పక్కా, గోడ తగులుతుంది" అన్నాడు. ఆ కుర్చీ పెట్టాల్సిన చోటు పక్కనే ఉంది. అయినా ఇద్దరూ దాన్ని పట్టుకుని హాలంతా రెండు చుట్లు తిరిగారు. ఆరాధన ఇరవై నిమిషాలు ఆలస్యమైంది. గడియారం వైపు చూడని వాళ్ళలో మొదటి మనిషి టీచరమ్మే.

ఇప్పుడు గోడ మీద ఎర్రసిరాతో కొత్త టైంటేబులు ఉంది. 'కుర్చీలు సర్దుట: ముప్పావుగంట. తొందరపడరాదు.' కొత్తవాళ్ళెవరైనా నవ్వితే టీచరమ్మ తల ఎగరేసి, "ఒకరి పక్కన ఇంకొకరు లేకుండా మా సంఘంలో గడ్డిపరక కూడా లేవదండీ. ఇలాంటి చర్చి ఇంకొకటి చూపించండి, చూస్తాను!" అంటుంది. అనేసి, వాళ్ళ చేతికి కుర్చీకి ఒక పక్క అందిస్తుంది.

ఇంతకీ ఆ ప్లైవుడ్ ముక్క మీద అందరికీ జంట ఉంది గానీ, రాసిన మనిషి పేరే లేదు. తప్పులు దిద్దిన కళ్ళకు అది కనబడకుండా ఉంటుందా? మరుసటి శనివారం మధ్యాహ్నం తాతయ్య బెంచీని భుజానికెత్తుకోబోతుంటే, అవతలి చివర అప్పటికే పైకి లేచింది.

"మీకెందుకమ్మా శ్రమ? ఒక్కణ్ణే మోస్తాగా!" అన్నాడు తాతయ్య.

"నోరు మూసుకుని పట్టండి" అంది టీచరమ్మ.