తాడు మీది బిళ్ళలు

గోదావరిఖనిలో ఒక బొగ్గు బాయి మీద ముప్పై ఏళ్లు ల్యాంపు రూంలో పనిచేశాను. కిందికి దిగే ప్రతి మనిషీ నా కిటికీ దగ్గర తన నంబరు కొట్టిన ఇత్తడి బిళ్ళ ఇచ్చి, నెత్తికి పెట్టుకునే దీపం తీసుకోవాలి. షిఫ్టు అయ్యాక దీపం నాకిచ్చి బిళ్ళ తీసుకుపోవాలి. కొక్కేనికి బిళ్ళ వేలాడుతుంటే ఆ మనిషి ఇంకా కిందే ఉన్నట్టు. కొక్కెం ఖాళీ అయితే పైకి వచ్చినట్టు. ఈ పనికి తెలివితేటలు అక్కర్లేదు, మొండితనం చాలు. అది నాకు పుట్టుకతోనే వచ్చిందని మా ఇంటావిడ ఇప్పటికీ అంటుంది.

మా క్వార్టర్ల వరసలోనే నాకంటే ఆరేళ్లు చిన్నవాడొకడు ఉండేవాడు. బొగ్గు నింపే ఫిల్లర్. నన్ను నోరారా అన్నా అని పిలిచేవాడు. ఒకసారి కింద కప్పు కూలిందని ఎవరో పుకారు లేపితే, వాళ్ల ఆవిడ కాళ్లకు చెప్పులైనా లేకుండా నా కిటికీ దగ్గరికి ఉరికొచ్చింది. నేను అతని కొక్కెం చూపించాను.

"చూడు చెల్లె, ఖాళీగున్నది. ఆయన బిళ్ళ ఆయన చేతికి వచ్చింది. బిళ్ళ వచ్చిందంటే మనిషి పైకి వచ్చినట్టే. ఫికర్ చెయ్యకు."

అతను అప్పటికే పైకొచ్చి చాయ్ హోటల్లో కూర్చున్నాడు. ఆమె అక్కడే ఏడ్చి, అక్కడే నవ్వి, అతన్ని నాలుగు తిట్టి ఇంటికి తీసుకుపోయింది.

ఎనభైల చివర్లో సంగతి ఇది. బండ్ల మీద పోయి ఊరికి దూరంగా రెండు రోజులు ఉండి రావాలన్న ఆలోచన అతనిదే. కొత్తగా ఒక పాత రాజ్‌దూత్ మోటార్‌సైకిల్ కొన్నాడు. దాన్ని రోజూ తుడవడం, తుడిచినదాన్నే మళ్లీ తుడవడం.

"ఎప్పుడు జూసినా నెత్తి మీద కప్పేనాయె అన్నా. ఏ కప్పూ లేని కాడ ఒక్కసారన్న పండుకుందం. బండ్లేసుకొని పోదం పా."

ఆలోచన అతనిదైనా ఏర్పాట్లన్నీ నా నెత్తిన పడ్డాయి. పడ్డాయనడం అబద్ధం, నేనే లాక్కున్నాను. ఎనిమిది బండ్లు, పన్నెండు మంది. బాయి పనిలో పన్నెండు మందికి ఒకేసారి తీరిక దొరకడమంటే మాటలు కాదు. ఒకడిది ఫస్టు షిఫ్టు, ఒకడిది సెకండు, ఒకడిది రాత్రి. ఆదివారం సెలవే గానీ శనివారం మధ్యాహ్నానికే అందరూ పైకి రావాలి. మూడు వారాలు ఒక్కొక్కడి ఇంటికి తిరిగి, ఆఫీసులో బతిమాలి, అందరినీ ఫస్టు షిఫ్టుకు మార్పించాను. బసంత్‌నగర్‌లో సిమెంటు లారీలు తోలే ఒకాయన దగ్గర రెండు తాటిపత్రులు తెచ్చాను, గుడారాలకు. చౌరస్తా మెకానిక్ భాయ్ ఎనిమిది బండ్ల చైన్లూ బిగించి పెట్టాడు.

అన్నీ కుదిరాక చెల్లె అడ్డం తిరిగింది.

"అడివిల పండుడేందన్నా? ఇంట్ల మంచం ఇరిగిందా?"

అతను తల దించుకుని బండి తుడుస్తున్నాడు. ఆ మొహం చూసి నాకు జాలేసింది. పదకొండు మంది వస్తూ, ఈ ఆలోచన పుట్టించినవాడే ఇంట్లో కూర్చుంటే ఏం బాగుంటుంది?

"నేనున్న గద చెల్లె. నాది జిమ్మేదారి."

ఆమె నా వైపు తిరిగింది. "నువ్వుంటవంటేనే పంపుత. నీ లెక్క తప్పది. ఎంతమందిని తీస్కపోతున్నవో గంతమందిని తీస్కరావాలె" అంది.

శనివారం షిఫ్టు దిగి, ఒళ్లు కడుక్కుని, మూడున్నరకల్లా బయల్దేరాం. మంథని దారిలో ఎనిమిది బండ్లు వరసగా పోతుంటే చేలల్లో ఆడవాళ్లు నడుములెత్తి చూశారు. పెళ్లివారు అనుకున్నారో, పోలీసులు అనుకున్నారో. అతను అందరికీ చేయి ఊపాడు. గోదావరి ఒడ్డున, చెట్ల కింద తాటిపత్రులు కట్టాం. పొద్దు గుంకేవేళ అతను ఇసుకలో వెల్లకిలా పడుకుని "అన్నా, గీ కప్పుకు దిమ్మెలు పెట్టే పనే లేదు" అన్నాడు. బాయిలో కప్పు కూలకుండా కింద నిలబెట్టే కర్రలు అవి. అందరం నవ్వాం. అతన్ని అంత సంతోషంగా నేను అంతకుముందు చూడలేదు.

ఆదివారం పొద్దున అందరూ నీళ్లలోకి దిగుతామన్నారు. ఇసుక మేటల మధ్య అక్కడక్కడా లోతు మడుగులుంటాయని నాకు తెలుసు. రెండు చెట్లకు తాడు కట్టాను. బిళ్ళలు ఎప్పుడూ అందరి జేబుల్లోనే ఉంటాయి కదా. నీళ్లలోకి దిగేవాడు బిళ్ళ తాడుకు తగిలించాలి, బయటికొస్తే తీసుకోవాలి అన్నాను. "ఈడ గూడ డ్యూటీయేనాయె" అని గొణుక్కుంటూనే తగిలించారు. నా తెలివికి నేనే మురిసిపోయి, తాడు పక్కనే రాళ్ల పొయ్యి పెట్టుకుని కూర వండుతూ కూర్చున్నాను.

బాయి మీద ఒక అలవాటుండేది. ఇద్దరు జతగా పనిచేస్తే, పైకొచ్చాక ఒకడు అలిసి కూలబడినప్పుడు రెండోవాడే రెండు దీపాలు తెచ్చి రెండు బిళ్ళలు అడిగేవాడు. నేను తిట్టేవాణ్ణి, తిట్టి ఇచ్చేవాణ్ణి. అంతకుముందు ఎప్పుడూ ఏమీ కాలేదు.

కూర అయ్యింది, రండని కేకేశాను. ఒక్కొక్కరూ వచ్చి బిళ్ళలు తీసుకున్నారు. చివరికి అతనితో జతగా పనిచేసే ఫిల్లర్ వచ్చాడు. వెనక నడుం లోతు నీళ్లలోంచి అతను చేయెత్తి అరిచాడు.

"అన్నా, నాది గూడ ఆయనకే ఇయ్యి. ఒక్క మునుగు మునిగి వస్తున్న."

నేను అటు చూసి నవ్వి, రెండు బిళ్ళలూ తీసి ఇచ్చాను. బాయి మీదైతే దీపం చేతికొచ్చాకే బిళ్ళ ఇస్తాం. ఇక్కడ నేను మాట తీసుకుని బిళ్ళ ఇచ్చాను.

విస్తళ్లు వేశాం. ఒకటి మిగిలింది. జతగాడు అటూ ఇటూ చూసి, "ఆయనేడి?" అని అడిగాడు. నేను గరిటెతో తాడు చూపించాను. తాడు ఖాళీగా ఉంది.

"అందరు పైనే ఉన్నరు. చెట్ల చాటుకు పోయుంటడు. తినుండ్రి, చల్లారుతది."

తిన్నారు. నేనూ తిన్నాను. కూర బాగా కుదిరిందని రెండోసారి కూడా వేసుకున్నాను. ఈ మాట ఎవరికీ చెప్పలేదు, మా ఇంటావిడకు కూడా.

పదిహేను నిమిషాలో ఇరవయ్యో అయ్యాక జతగాడు తింటున్న విస్తరి వదిలేసి నీళ్ల వైపు పరుగెత్తాడు. గరిటె పడేసి నేనూ వెనకే ఉరికాను. పన్నెండో విస్తరి అలాగే ఉంది. ఎవరో దాని మీద ఎగిరిపోకుండా రాయి పెట్టారు. అవతలి ఊరి బెస్తవాళ్లు వచ్చి వలలు వేస్తే, మధ్యాహ్నం దాటాక మడుగులో దొరికాడు. ఈత వచ్చినవాడే. కాలు పట్టేసిందో, ఇసుక జారిందో, ఎవరం చూడలేదు. చూడాల్సినవాణ్ణి నేను.

ఆ తర్వాత ఉద్యోగం చేసినన్నాళ్లూ మొహం చూడకుండా ఎవరికీ బిళ్ళ ఇవ్వలేదు. అలిసిపోయి వచ్చినవాళ్లు కిటికీ ముందు నిలబడి నన్ను బూతులు తిట్టేవారు. తిట్టనీ అనుకునేవాణ్ణి. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమేనని నాకు తెలియక కాదు.

ఆ సాయంత్రం అతన్ని ట్రాక్టర్‌లో దవాఖానకు తీసుకుపోయారు. ఇంటికి చెప్పడానికి నేనే పోతానన్నాను. జతగాడు నా చేతిలో ఆ బిళ్ళ పెట్టాడు. అప్పటిదాకా అది అతని జేబులోనే ఉంది. పోయేటప్పుడు ఇంకొకరి బండి వెనక కూర్చున్నవాణ్ణి, తిరిగి వచ్చేటప్పుడు అతని రాజ్‌దూత్ నడుపుకుంటూ వచ్చాను. దాన్ని అడవిలో వదిలి రావడానికి మనసొప్పలేదు. అది ఎంత పొరపాటో మా వరస మలుపు తిరిగాక తెలిసింది. ఆ బండి చప్పుడు ఆమెకు బాగా ఎరుకే. తలుపు తీసుకుని, నవ్వుతూ, కాళ్లకు నీళ్లు పట్టుకుని వాకిట్లోకి వచ్చేసింది.

నన్ను చూసింది. నా వెనక ఎవరైనా ఉన్నారేమోనని చూసింది. నేను బండి దిగలేకపోయాను. ఏమేమో చెప్పాలని దారంతా అనుకుంటూ వచ్చాను. చేయి చాపి బిళ్ళ ఇచ్చాను.

చెంబు కింద పెట్టి తీసుకుంది. కొంగుతో తుడిచి నంబరు చూసింది. అది అతనిదే.

"బిళ్ళ వచ్చింది గదన్నా," అంది. "బిళ్ళ వచ్చిందంటే మనిషి పైకి వచ్చినట్టే అంటివి గద."