అవ్వ నాకివ్వని పెన్నేరు పొడి

గురువారం. అత్తగారికి ఒళ్లు తుడవడం, రాగిపిండి జల్లించడం, రెండు బకెట్ల బట్టలు, పిల్లల బాక్సులు. రోజూ చేసిన పనులు పుస్తకంలో రాసుకోవడం నాకు అలవాటు. ఈరోజు అయిదోది రాయడానికి చెయ్యి రాలేదు: పక్కింటి అవ్వకు కడసారి నీళ్లు పోయడం. తెల్లవారుజామున నిద్రలోనే పోయింది.

పోసిన నీళ్లు ఇంకా ఆరలేదు, వీధి చివరింటామె నా చెవిలో అడిగింది: "పెన్నేరు పొడి డబ్బా యాడ పెట్టిందమ్మా ఆయమ్మ? మా కోడలు ఊరికే సోలిపోతాండాది. రెండు చెంచాలు తాగిస్తే పని సాగుతాది."

నాకు ఒళ్లు మండింది. శవం ముందర గొంతు లేవకూడదని ఊరుకున్నాను. ఈ పుస్తకంలో ఊరుకోను.

పెన్నేరంటే అశ్వగంధే. అవ్వ పరగోడు ఊరి పొలం గట్ల మీంచి వేర్లు తెచ్చి, పాలలో ఉడికించి, నీడలో ఆరబెట్టి దంచేది. బడలికకు, బెంగకు, చదువు మీద మనసు నిలవని వాళ్లకు ఇచ్చేది. ఇచ్చేముందు మాత్రం పోలీసులా అడిగేది. "నెల తప్పిందా? థైరాయిడ్ మాత్రలు మింగుతాండావా? డాక్టర్ని అడిగినావా?" అనుమానం వస్తే డబ్బా మూత తీసేది కాదు. "వేరు మంచిదే. అందరికీ మంచిది కాదమ్మా."

పోయిన ఎండాకాలం నేనూ వెళ్లాను. అత్తగారు అప్పుడే మంచం పట్టారు. పొయ్యి మీద పాలు మరిచిపోయేదాన్ని. ఒకే పనిని పుస్తకంలో రెండుసార్లు రాసేదాన్ని.

"రేత్రి ఎంతసేపు పండుకుంటావు?" అంది అవ్వ.

"నాలుగు గంటలు."

"పగలు?"

"ఆడవాళ్లు పగలు పడుకుంటే ఇంట్లో లక్ష్మి నిలవదంటారు కదా అవ్వా."

"మీ ఆయన ఆదివారం గురక పెడతాడే, అప్పుడు యాడికి పోతాది మీ లక్ష్మి?"

డబ్బా అటకెక్కించేసింది. "అలిసిన ఎద్దుకు మందు పోసి మళ్లీ కాడి కట్టేదానికి కాదు నేను వేర్లు దంచేది. ముందు మధ్యాహ్నం గంటసేపు తలుపేసుకుని పండుకో. అప్పటికీ సత్తువ రాకుంటే చూస్తాము."

అడిగింది ఇవ్వక నీతులేమిటని నాకు కోపమొచ్చింది. ఆ సాయంత్రమే ఆమె మా గడపలో నిలబడి మా ఆయనను నిలదీసింది: "ఏమప్పా, మీ అమ్మకు గంజి తాగించేదానికి నీకు చేతుల్లేవా?"

మర్నాటి నుంచి మధ్యాహ్నం అంగడి మూసి వచ్చి ఆయనే తాగిస్తున్నారు. అలా మిగిలిన గంటను నేను పప్పు ఏరడానికి, బట్టలు మడవడానికి వాడేశాను. పుస్తకం చివరి పేజీలో మాత్రం రాసుకున్నాను: అవ్వకు బాకీ, ఒక గంట నిద్ర. గోడ మీంచి "పండుకున్నావా?" అని అడిగినప్పుడల్లా "రేపు, అవ్వా" అన్నాను.

వీధి చివరింటామెకు నా జవాబు ఇదే. ఆ డబ్బా కోసం వెతకొద్దు. మీ కోడలు సోలిపోతూ ఉంటే, ఆమె చేతిలో చీపురు మీరు తీసుకోండి.

ఈ మధ్యాహ్నం అవ్వను సాగనంపి, తలస్నానం చేసి వచ్చాను. సింకు నిండా గిన్నెలు. గడియ పెట్టి చాప పరుచుకున్నాను.

గంట తర్వాత లేచి కిటికీలోంచి చూస్తే, అవ్వ మిద్దె మీద నిన్న గుడ్డ పరిచి ఆరేసిన వేర్లు అలాగే ఉన్నాయి. నీడ పక్కకు జరిగింది. గుడ్డను నీడలోకి లాగే చెయ్యి లేక వేర్లన్నీ ఎండలో పడి ఉన్నాయి. మిద్దెక్కి గుడ్డ జరిపి వచ్చి, పుస్తకం చివరి పేజీ తీశాను.

అవ్వకు బాకీ, ఒక గంట నిద్ర: చెల్లింది.